ఇందూరు నుంచి శక్కర్‌నగర్ దాకా... ఒక్క సంచితో!

సినిమాల్లో ఈ సీను మీరు నూరుసార్లు చూసే ఉంటారు. పల్లెటూరి స్టేషన్‌లో రైలు ఆగుతుంది. పట్నంలో చదువు ముగించుకున్న హీరోగారు దిగుతారు. చేతిలో ఇంత పెద్ద సూట్‌కేసు! దాన్ని ఒంటి చేత్తో అలవోకగా ఊపుకుంటూ, ఈల వేసుకుంటూ, స్టేషన్ బయటికొచ్చి ఎద్దులబండి ఎక్కేస్తారు. బండి కదిలేలోపు హీరోయిన్ ఎదురవుతుంది, పాట మొదలవుతుంది... అది వేరే సంగతి. అంత పెద్ద పెట్టె అంత తేలిగ్గా ఎలా ఊగుతోందని మీకెప్పుడూ అనుమానం రాలేదా? రహస్యమేం లేదు. అది ఖాళీ పెట్టె!

ఇక హీరోయిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చరణానికో చీర మారుస్తుంది. చేతిలో చూద్దామంటే చిన్న పర్సయినా ఉండదు. ఆ చీరలన్నీ తెరవెనక వ్యానులో, కాస్ట్యూమర్ల కాపలాలో ఉంటాయి. మనకి వ్యాను లేదు, కాస్ట్యూమరూ లేడు. ఉన్నవల్లా రెండు చేతులు, ఒక భుజం, ఒక నడుము. అయినా నాలుగు రోజులు సెలవులొచ్చాయంటే చాలు, ఆరు డ్యూయెట్ల షూటింగుకి వెళుతున్నట్టు సర్దేస్తాం!

ఈ మాట ఎందుకొచ్చిందంటే, సంక్రాంతి వెళ్ళాక మూడు రోజులు నిజామాబాదు, బోధన్ చూసొద్దామని బయల్దేరాం, నేనూ నా ఫోటోగ్రాఫర్ మిత్రుడూ. నాకు భుజాన తగిలించుకునే సంచి ఒకటే. మిత్రుడికి కెమెరా బ్యాగు కాక చక్రాల సూట్‌కేసు ఒకటి, చేతిసంచి ఒకటి. హైదరాబాదు నుంచి రోడ్డు మీదైతే సుమారు 175 కిలోమీటర్లు. మేం సికింద్రాబాదు నుంచి మన్మాడ్ పోయే లైను మీద రైల్లో వెళ్ళాం. నిజామాబాదు స్టేషన్ బయట ఆటో అతను మమ్మల్నీ మా సామాన్నీ మార్చి మార్చి చూసి, ఏమాత్రం నవ్వకుండా అడిగాడు.

"ఏంది సారూ, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన్రా?"

మిత్రుడు ఊరు దాటేదాకా ఆ మాట మర్చిపోలేదు.

తాతగారి హోల్డాలు

రైల్వేవాళ్ళు స్లీపర్ క్లాసులో మనిషికి 40 కిలోలు ఉచితంగా తీసుకెళ్ళనిస్తారు. మామూలు సెకండ్ క్లాసులో 35. తీసుకెళ్ళనిస్తామన్నారు గదా అని తీసుకెళ్ళితీరాలని రూలేం లేదండీ!

మా తాతగారి తరంవాళ్ళు ప్రయాణమంటే ఇనప ట్రంకు, పరుపు చుట్టిన హోల్డాలు, మరచెంబు, కూజా, నాలుగు గిన్నెల క్యారియర్ తీసుకుని బయల్దేరేవారు. ఆ రోజుల్లో దానికో న్యాయముంది. దిగిన ఊళ్ళో లాడ్జి ఉంటుందో లేదో, ఉన్నా దుప్పటి ఇస్తారో లేదో, అన్నం దొరుకుతుందో లేదో తెలీదు. దొరకనివి మోసుకెళ్ళేవారు. అంతే లెక్క.

ఇవ్వాళ నిజామాబాదులో దిగితే సబ్బు దొరకదా? బ్రష్షు దొరకదా? ఇస్త్రీ బండి లేదా? పక్కనే అంకాపూర్ ఉంది. నాటుకోడి కూరకి ఆ పల్లె పేరు హైదరాబాదు దాకా పాకింది. అలాంటి చోటికి క్యారియర్ కట్టుకుని వెళ్ళడం కూడా ఒకరకంగా అవమానమే! దొరకని కాలానికి కట్టిన మూటని, దొరికే కాలంలోనూ అలవాటుగా మోస్తున్నాం.

లాడ్జిలో మిత్రుడు సూట్‌కేసు తెరిచాడు. నాలుగు ప్యాంట్లు, ఏడు చొక్కాలు, రెండు జతల బూట్లు, పెద్ద షాంపూ సీసా, ఇస్త్రీపెట్టె, మూడంగుళాల మందం నవల, సిల్కు జుబ్బా ఒకటి. జుబ్బా ఎందుకయ్యా అంటే, "ఒకవేళ ఎవరైనా పెళ్ళికి పిలిస్తే?" అన్నాడు. జనవరిలో రెయిన్‌కోటు ఎందుకంటే, "ఒకవేళ వాన పడితే?" అన్నాడు.

తెలుగులో 'ఒకవేళ' అంత బరువైన మాట మరొకటి లేదనిపిస్తుంది. ఇస్త్రీపెట్టె కిలోంపావు ఉంటుంది. 'ఒకవేళ' తూకం కాంటాలకి అందదు.

ఖిల్లా మీద బొగ్గుముక్క

నిజామాబాదు పాత పేరు ఇందూరు. ఊళ్ళో ఉన్న గుట్ట మీద ఖిల్లా, అందులో రఘునాథుడి ఆలయం. పైకెక్కితే ఊరంతా కాళ్ళకింద పరిచినట్టుంటుంది. మిత్రుడు కెమెరాతోపాటు చేతిసంచి కూడా మోసుకొచ్చాడు. అందులో ఏముందని నేనడగలేదు. 'ఒకవేళ'లే ఉంటాయని తెలుసు.

నిజాం కాలంలో ఈ ఖిల్లా జైలు. 1948లో దాశరథి కృష్ణమాచార్య ఇక్కడ ఖైదీ. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకి జైలు సహచరుడు. ఖైదీ దగ్గర సామానేముంటుంది? కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికిచ్చే బొగ్గుముక్కతో దాశరథి జైలు గోడమీద నిజాముని నిలదీసే పద్యం రాశాడని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. గోడని తుడిచెయ్యొచ్చుగాని, నోటికొచ్చిన పద్యాన్ని తుడవడం ఎవరి తరం? 1949లో అచ్చయిన 'అగ్నిధార'ని ఆయన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

అదే దాశరథి 1961లో 'ఇద్దరు మిత్రులు', 'వాగ్దానం' సినిమాలకి పాటలు రాశారంటే మన పాఠకుల్లో కుర్రకారు ఆశ్చర్యపోవచ్చు. నిజాముకి ఎదురుతిరిగిన కలమే నాగేశ్వరరావుగారికి హుషారైన పాటలిచ్చింది! చిన్నప్పట్నించీ రేడియోలో ఆ పాటలు విన్నవాళ్ళు ఇందూరొస్తే ఈ గుట్ట తప్పక ఎక్కాలి. ఎక్కేముందు సంచి కింద ఎవరికైనా అప్పగించండి.

సాయంత్రం అలీసాగర్. 1931 నాటి చెరువు, పక్కన తోట. బాగుంది. జంటలకి మరీ బాగుంది. అంతకంటే చెప్పేదేం లేదు.

రాత్రి సెకండ్ షోకి వెళ్ళాం. హాల్లో కూర్చుంటే ఒక ఆలోచనొచ్చింది. ఒకప్పుడు సినిమా కూడా బరువుగానే ప్రయాణం చేసేది! వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాలకి అయిపోతుంది. అంటే రెండున్నర గంటల బొమ్మకి పద్నాలుగు రీళ్ళన్నా కావాలి. అవన్నీ రేకు బాక్సుల్లో పెట్టి రైల్లోనో బస్సులోనో పంపేవారు. "బాక్సొచ్చిందా?" అని అభిమానులు హాలు గేటు దగ్గర కాపలా కాసేవారు. వస్తే ఊరేగింపు, రాకపోతే రాళ్ళ వర్షం! ఒకే ప్రింటుని రెండు హాళ్ళకి సర్దేటప్పుడు, ఇక్కడ తిరిగిన రీళ్ళని అక్కడికి సైకిలు మీద పరుగులు పెట్టించేవారు. పదిహేనేళ్ళ కిందటి నుంచి డిజిటల్ వచ్చి ఆ బాక్సులన్నీ మూలపడ్డాయి. సినిమాయే తేలికపడింది. ప్రేక్షకుడు మాత్రం ఇంకా చక్రాల పెట్టె లాగుతున్నాడు!

పదికి ఒకటి

రెండోరోజు బోధన్. నిజామాబాదు నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. జానకంపేట దగ్గర రైలు లైను కూడా బోధన్ వైపు చీలుతుంది గాని, మేం బస్సెక్కాం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు గదా, బస్సు కళకళలాడుతోంది. మంచిదే! కాని ఆ కళకళ మధ్యలో చక్రాల సూట్‌కేసుకి చోటెక్కడిది? కండక్టరమ్మ ఒక్క చూపు చూసేసరికి మిత్రుడు దిగిపోయి, లాడ్జికెళ్ళి సూట్‌కేసు అక్కడ పడేసి, చేతిసంచిలో జత బట్టలు కుక్కుకుని తర్వాతి బస్సుకొచ్చాడు. మొదటి గెలుపు!

బోధన్ బజారులో ఒకే దుకాణం ముందు తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. మహారాష్ట్ర సరిహద్దు అంత దగ్గర. ఊరి పక్కన శక్కర్‌నగర్. పేరులోనే చక్కెర!

ఈ తీపికి మూలం మంజీర నీళ్ళు. 1923లో మొదలుపెట్టి 1931కల్లా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ పారింది, చెరుకు లేచింది. చెరుకు లేచాక 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పడింది. కార్మికులకి క్వార్టర్లు, ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరుకు తోటలు. సీజను వచ్చిందంటే గేటు ముందు బండ్ల బారు తెల్లవార్లూ సాగేది. నీళ్ళ కబురు తెలిసి కృష్ణా గోదావరి జిల్లాల రైతులు కూడా ఇటొచ్చి, వర్ని, కోటగిరి వైపు పొలాలు కొని స్థిరపడ్డారు. వాళ్ళు దిగిన చోట్లని ఇప్పటికీ 'క్యాంపు'లనే అంటారు. మనవళ్ళు పుట్టినా పేరు మాత్రం క్యాంపే!

ఫ్యాక్టరీ కాంటా ఎలా ఉంటుందో తెలుసా? చెరుకుతో ఉన్న బండిని ఒకసారి తూస్తారు. దింపాక ఉత్తబండిని మళ్ళీ తూస్తారు. ఆ తేడాకే రైతుకి డబ్బు. బండి బరువు ఎవరికీ అక్కర్లేదు. ఇది వినగానే మిత్రుడి ముఖం చూడాలి! వాడి చక్రాల సూట్‌కేసు ఉత్తదే నాలుగు కిలోలకి పైన. బట్టల సంచి కిలో కూడా ఉండదు. సామాను సర్దేముందు పెట్టెని ఉత్తగా తూచుకునేవాళ్ళు మనలో ఎంతమంది?

ఇంకో లెక్క. పది టన్నుల చెరుకు గానుగాడితే చేతికొచ్చే చక్కెర ఇంచుమించు ఒక్క టన్ను. మూడు టన్నుల దాకా పిప్పి, కాస్త మడ్డి, మిగతాదంతా ఎక్కువభాగం నీళ్ళే. పిప్పి కూడా దండగ కాదు, బాయిలర్ల కిందికి పోతుంది. మన సూట్‌కేసులోనూ పదికి ఒకటే పనికొస్తుంది. మిగతా తొమ్మిదీ పొయ్యిలోకి కూడా పనికిరావు!

నరికిన చెరుకు ఒక్కరోజులో గానుగకి చేరాలి. ఎండలో ఆగితే తూకం తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే దగ్గర్లో ఫ్యాక్టరీ ఉండటం ఇక్కడి రైతుకి ప్రాణం. 2002లో ప్రభుత్వం ఈ ఫ్యాక్టరీని ప్రైవేటు భాగస్వాములకి అప్పజెప్పింది. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించే మార్గం చూడమని 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. మూత పడ్డాక చెరుకు వేసినవాళ్ళు దూరపు ఫ్యాక్టరీలకి తోలుకున్నారు. చాలామంది వరికి మళ్ళారు. రుద్రూరులో ప్రాంతీయ చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. పేరులో చెరుకూ వరీ రెండూ ఉన్నాయి. బస్సు కిటికీలోంచి చూస్తే మాత్రం మాకు కనిపించింది దాదాపు అంతా వరే.

శక్కర్‌నగర్ గేటు ఎదుట చాయ్ బండి దగ్గర ఒక పెద్దాయన కలిశారు. ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. క్వార్టరు ఖాళీ చేసినరోజు సంగతి చెప్పారు. ఇరవయ్యేళ్ళ సామాను వారం రోజులు సర్దారట. "ఏం తీస్కపోవాల్నో తెల్వలే సారూ. సైరన్ మోతని ఏ పెట్టెల వెడ్తం?" అన్నారు. ఆ ఊళ్ళో గడియారాల పని సైరనే చేసేదట. షిఫ్టు సైరనుకి బియ్యం కడిగితే, మనిషి ఇంటికొచ్చేసరికి అన్నం ఉడికేదట. మిత్రుడు కెమెరా బయటికి తీశాడుగాని, ఫోటో తీయకుండానే లోపల పెట్టేశాడు.

భానుమతి ఊరు

ఆ రాత్రి లాడ్జిలో మిత్రుడు నా సంచి తెరిచి చూపించమన్నాడు. చూపించాను. నా పద్ధతి పెద్ద శాస్త్రమేం కాదు. బట్టలు మూడే జతలు: ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద, ఒకటి సంచిలో. మూడ్రోజులకైనా, పదిరోజులకైనా అంతే. రంగులు ఒకదానికొకటి నప్పేవి పెట్టుకుంటే మూడు చొక్కాలూ రెండు ప్యాంట్లూ ఆరు వేషాలవుతాయి. అన్నిటికంటే బరువైన బూట్లు సంచిలో కాదు, కాళ్ళకుండాలి. ఒక తువ్వాలు. స్నానానికి అదే, ఎండకి తలకి చుట్టుకోవడానికి అదే, బస్సులో సీటాపడానికీ అదే! దగ్గరి చుట్టాలు ఊళ్ళో ఉంటే లుంగీ కూడా అక్కర్లేదు, వాళ్ళదే ఇస్తారు. ఇవ్వని చుట్టాలింటికి వెళ్ళడమెందుకు? మందులు మాత్రం మర్చిపోకూడదు, వాటికి 'దొరుకుతాయిలే' పనికిరాదు. ఫోనూ, ఛార్జరూ సరేసరి. వచ్చేటప్పటికి సంచిలో పావువంతు ఖాళీ ఉండాలి. నిజామాబాదు మార్కెట్ యార్డు పసుపుకి దేశంలోనే పేరున్నది. 2025లో జాతీయ పసుపు బోర్డుకి ఈ ఊరినే కేంద్రం చేశారు. ఇంటికి రెండు కిలోల పసుపుకొమ్ములు తీసుకెళ్ళకపోతే అమ్మ ఊరుకుంటుందా?

మర్నాడు బోధన్ నుంచి బాన్సువాడ. సినిమా పిచ్చివాళ్ళకి ఈ పేరు వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో సాయిపల్లవి వేసిన భానుమతిది ఈ ఊరే. తీసిన దిల్ రాజుదీ నిజామాబాదు జిల్లాయే. 2016 నుంచి బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళిందనుకోండి, కాని భానుమతిని జిల్లాలు మార్చగలవా?

ఆ కథ మీకు తెలిసిందే. అక్క పెళ్ళయి అమెరికా వెళుతుంది. భానుమతికి నాన్ననీ ఊరినీ వదిలి వెళ్ళడమంటే ఒప్పుకోని మనసు. ప్రేమ ఎదురుగా ఉన్నా ఆ పీటముడి విడదు. మిత్రుడు బస్సులో అన్నాడు: "ఆ పిల్ల సామాను సర్దలేకపోవడమే కథంతా!" వాడికి జ్ఞానోదయం మొదలైందని నాకప్పుడే తెలిసింది.

బాన్సువాడ నుంచి నిజాంసాగర్ వెళ్ళి, కట్టమీద కాసేపు కూర్చున్నాం. రెండు సంచులూ ఒళ్ళో పట్టాయి. తొంభై ఏళ్ళు దాటిన రాతికట్ట, ముందు మంజీర. ఎగువన సింగూరు కట్టాక ఇక్కడికొచ్చే నీళ్ళు తగ్గాయని రైతులంటారు. అదే మంజీర బోధన్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా కలుస్తుందని దాన్ని త్రివేణి అంటారు. సాయంత్రానికి అక్కడికి చేరాం. ఒడ్డుకి దిగి మునగడానికి తువ్వాలొక్కటే కావలసొచ్చింది. మిత్రుడు నా తువ్వాలు అడిగాడు. వాడిది సూట్‌కేసులో ఉంది. ఒకటి కాదు, రెండు!

ముప్ఫై కిలోలు

తిరుగు ప్రయాణానికి నిజామాబాదు స్టేషన్‌కొచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఒక కుటుంబం. గల్ఫుకి వెళ్ళే కుర్రాణ్ణి సాగనంపడానికి వచ్చారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఈ జిల్లాలో ఈ దృశ్యం కొత్త కాదు. 1970ల నుంచి ఇక్కడి పల్లెలు దుబాయికి, మస్కట్‌కి మనుషుల్ని పంపుతూనే ఉన్నాయి. మొదట్లో బొంబాయి వెళ్ళి విమానమెక్కేవారు. 2008లో శంషాబాద్ వచ్చాక దూరం తగ్గింది, దిగులు తగ్గలేదు. ఆ రోజుల్లో తిరిగొచ్చేవాళ్ళ చేతిలో టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు ఉండేది. ఊళ్ళో సినిమా పాటలు సగం దాన్లోంచే వినిపించేవి. అట్టపెట్టెకి ప్లాస్టిక్ తాడు అడ్డంగా నిలువుగా బిగించి, నాలుగు వైపులా పెద్దక్షరాలతో పేరు రాసుకొచ్చేవారు. ఇప్పుడూ అలాగే కడతారు.

కుర్రాడి టికెట్టు మీద ముప్ఫై కిలోలు. రెండేళ్ళకి సరిపడా సామాను, ముప్ఫై కిలోలు! తండ్రి జేబులోంచి కొక్కెం కాంటా తీసి బ్యాగు తగిలించి ఎత్తాడు. ముప్ఫై మూడు.

బ్యాగు విప్పారు. సంక్రాంతికి చేసిన సకినాలు, గారిజెలు, ప్లాస్టిక్ కవర్లు మూడు చుట్లు చుట్టిన మామిడికాయ తొక్కు సీసా, కారంపొడి, దుప్పటి, రెండు జీన్సు ప్యాంట్లు, కొత్త బూట్లు. తల్లి సీసా మీద చెయ్యేసి పట్టుకుంది.

"తొక్కు తియ్యకు బిడ్డా. ఆడ ఏం దింటవో ఏమో."

"అమ్మా, మూడు కిలోలు ఎక్కువున్నదే. ఆడ పైసలు కట్టమంటరు."

తండ్రి ఏమీ అనలేదు. దుప్పటి తీసి పక్కన పెట్టబోతే తల్లి దాన్నీ లాక్కుంది. మా మిత్రుడు పక్కన సూట్‌కేసు మీద కూర్చుని చూస్తున్నాడు. సిల్కు జుబ్బా మడత కూడా విప్పని సూట్‌కేసు.

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. కాళ్ళకున్న చెప్పులు విడిచి, బ్యాగులోని కొత్త బూట్లు తొడుక్కున్నాడు. జీన్సు ప్యాంట్లు రెండూ తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "నువ్వు తొడుక్కోరా" అన్నాడు. తమ్ముడికవి పొడుగు. అయినా తీసుకున్నాడు. తల్లి దుప్పటిని మళ్ళీ మడతపెట్టి, సీసాని దాని మధ్యలో, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టింది. తండ్రి జిప్పు లాగి, కాంటా తగిలించి ఎత్తాడు.

ముప్ఫై.

అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. మైకులో బండి వస్తోందని చెబుతున్నారు. తల్లి గబగబా కొంగుముడి విప్పి, పొట్లం కట్టిన పసుపు కుర్రాడి చొక్కాజేబులో కుక్కింది.

"గిది తూకంల రాదు, పెట్టుకో!"